మత్తేమిటమ్మా! : సటీకా తాత్పర్య విశేష సహితము

మూలము: “మత్తేమిటమ్మా! బోర్డు కట్టుకునే బ్రాంచి చూసుకో. ఇంకా చేరలేదుగా, మళ్లీ ఆలోచించుకో.”

అవతారిక: నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్సును, ఏడాది హౌస్‌సర్జెన్సీని ముగించి, నీట్ పీజీ గట్టెక్కి, రెండవ రౌండులో ప్రభుత్వ కళాశాలయందు ఎండీ అనస్థీషియా సీటు పొంది నా మేనకోడలు సంతోషముగా నున్న సమయమున, దాని పెదనాన్నగారు, నీటిపారుదల శాఖలో ఎస్‌ఈగా చేసి విశ్రాంతి గొనుచున్నవారు, తెల్లవారుజామున కుటుంబ వాట్సాప్ గ్రూపునందు పై వాక్యమును అవతరింపజేసిరి. దిగువన వరుసగా నమస్కారములు పడినవి. ఇంతటి వాక్యమునకు వ్యాఖ్య లేకుండుట లోకమునకు లోటని పూనుకొంటిని.

ప్రతిపదార్థము: సుగమము. విడువబడినది. మెదకు సీమ కొల్చారమువాడైన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టెను. మొదటి సగమును పాటింతును.

విశేషము: మత్తు సామాన్యమైనది కాదు. శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన భోజనము పెట్టుమని సుశ్రుతుడు చెప్పెను. తాగు అలవాటున్నవానికి ఘాటైన మద్యమును పోయుమనెను. కడుపులో అన్నముండిన సొమ్మసిల్లడు, మత్తులోనున్నవానికి కత్తి తెలియదు, ఇదీ ఆయన యుక్తి. నేటి మత్తు వైద్యులు సగము యుక్తిని నిలుపుకొని సగమును తలకిందులు చేసిరి. ఆపరేషనుకు ఆరు గంటల ముందే అన్నము బందు. స్పృహ లేనివాని కడుపులోనిది పైకి తన్నినచో ఊపిరితిత్తులలోనికి దిగును గదా.

ఇచ్చట హైదరాబాదు ప్రసక్తమగుచున్నది. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనముతో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఈ నగరమున రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపెను. క్లోరోఫాంతో మనిషి పోవునప్పుడు ముందాగునది ఊపిరియా, గుండెయా అని వివాదము. లారీది ఊపిరి పక్షము. నాడితో పనిలేదు, శ్వాసను కనిపెట్టియుండిన చాలునని సిద్ధాంతము చేసెను. లండనులో నమ్మలేదు. లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు పరీక్షింపవచ్చి, తానును ఊపిరి పక్షముననే చేరెను. 1911లో లెవీ అనునాతడు పిల్లులపై ప్రయోగించి, పలుచని మత్తులో గుండెయే లయ తప్పి ఆగగలదని చూపెను. పూర్వపక్షము, సిద్ధాంతము, ఖండనము. తర్కశాస్త్రమున కిందేమి తక్కువ? ఆ కమిషన్ల దినములలోనే రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ యువతి ఈ నగరమున వైద్యము చదివి, రోగులకు క్లోరోఫాం ఇచ్చుచుండెను. ప్రపంచమున తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమెయే అందురు. తరువాత ఎడిన్‌బరో వెళ్లి మరికొంత చదువుకొనెను. ఆ కాలపు పార్సీ కుటుంబముల గురించి...

ఎక్కడ ఉన్నాము? ఔను, బోర్డు.

శంక: నీటిపారుదల శాఖవారికి ఈ విషయమున అధికారమెట్లు? కంటి రోగముల ప్రస్తావన రాగానే, ఇది వేరొకరి అధికారము, మనము విస్తరించుట తగదని చరకుడంతటివాడు ఆగెను. గుల్మమును కోయవలసివచ్చిన ధన్వంతరి సంప్రదాయమువారిని పిలువుమనెను.

సమాధానము: పెదనాన్నగారు చరకుడు కారు.

మరియు వారికి అనుభవాధికారము కలదు. నిరుడు పిత్తాశయములో రాళ్లకు ఆపరేషను చేయించుకొనిరి. సర్జను పేరును, ఆయన బోర్డు మీది డిగ్రీలను నేటికిని వరుస తప్పక చెప్పుదురు. “ముందు ఎవరో ఒకావిడ వచ్చి కట్టుడు పళ్లున్నాయా, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది. తర్వాతేమైందో గుర్తులేదు” అని కూడా చెప్పుదురు. ఆ గుర్తులేకపోవడమే ఆవిడ చేసిన పని బావగారూ! గంటన్నర సేపు మీ ఊపిరి మీరు తీసుకోలేదు, ఆవిడ తీయించింది. ఆవిడ పేరు మీకెందుకు తెలియదంటే, బోర్డు లేదు గనక.

తాత్పర్యము: “మళ్లీ ఆలోచించుకో” అనగా, నేను చెప్పినది ఒప్పుకొనువరకు ఆలోచించుము అని భావము.

అసలు ఆ పిల్ల ఎప్పుడు ఆలోచించాలి? హౌస్‌సర్జెన్సీలో మత్తు విభాగానికి దొరికేవి రెండు వారాలు. ఆ ఏడాదంతా వార్డుల్లో రక్తనమూనాలు తీస్తూ, మిగిలిన నిద్రను రెండు వందల ప్రశ్నల పరీక్షకు ధారపోయాలి. 2024లో ఆ పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేశారు. ఎందరో అప్పటికే రైళ్లెక్కి వేరే ఊరి లాడ్జీల్లో దిగి ఉన్నారు. ర్యాంకు వచ్చాక నిర్ణయానికి గడువు కొద్ది రోజులు. మూడో రౌండుకు సమ్మతమని రాసి, అక్కడ ఇంకోటి వచ్చిందంటే చేతిలోది రద్దవుతుంది, తిరిగి రాదు. చేరాక నచ్చలేదని వదిలేస్తే చాలాచోట్ల లక్షల్లో బాండు. ఆ బాండ్లు ఎత్తేయండి, కావాలంటే ఏడాదిపాటు సీటు ఇవ్వకండి అని 2024 జనవరిలో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాలకు రాయవలసి వచ్చింది.

బ్రాంచి మార్చుకోవాలా అన్నది అడగరాని ప్రశ్నేమీ కాదు. థియేటర్లో మానిటర్ మీద చూపు తిప్పకుండా గంటల తరబడి ఉండగలనా? ఓపీలో రోజంతా జనంతో మాట్లాడితే తప్ప నాకు తోచదా? రోగి నన్ను మరిచిపోతే నాకు బాధ ఉంటుందా? ఇవి తను తేల్చుకోవాల్సినవి. ఆ పిల్ల తేల్చుకుంది కూడా. నాతో చెప్పింది. గ్రూపులో ఎవరూ అడగలేదు.

పాఠాంతరములు: పిన్నిగారి ప్రతిలో “రేడియాలజీ రాదా?” అని కలదు. బెంగళూరు ప్రతిలో “డెర్మా అయితే నైట్ డ్యూటీలుండవు” అని. పెదనాన్నగారి మూలమునకు సరిగ్గా దిగువన “ఈ సందేశం తొలగించబడింది” అని ఒక గ్రంథపాతము. తొలగింపబడకముందే చదివిన మేనకోడలు దానిని ఇట్లు పూరించినది: “సంబంధం వాళ్లు జనరల్ మెడిసిన్ అయితేనే అంటున్నారు.”

దీనికి టీక రాయను.