ఊరూరా 192.168.1.1

గోదావరి జిల్లాల్లో ఆఫీసుకి నెట్‌వర్క్ పెట్టించాలంటే పెద్దగా చదువుకోనక్కర్లేదు. రూటర్‌ని డబ్బాలోంచి తీసినప్పుడు తయారీ కంపెనీ అందులో ఏ నంబరు వేసి పంపిందో అదే ఆ ఆఫీసు జాతకం. సాధారణంగా 192.168.1.1. మాస్క్ 255.255.255.0. ఎందుకని అడిగితే, “అందరూ అదే పెడతారండి” అంటాడు కేబుళ్ళు లాగే కుర్రాడు. అంత మర్యాదగా చెప్పాక ఎవరు వాదిస్తారు?

ఆఫీసు ఒకటే ఉన్నంతకాలం ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అసలు తమాషా వ్యాపారం పెరిగాక మొదలవుతుంది. రాజమండ్రిలో హెడ్డాఫీసు, అమలాపురం, భీమవరం, కాకినాడల్లో బ్రాంచీలు ఉన్న సంస్థ ఒకటి ఉందనుకోండి. నాలుగుచోట్లా నాలుగు యూనిక్స్ సర్వర్లు. ఒకే కుర్రాడు, ఒకే ముహూర్త బలం కాబట్టి అన్నిటికీ 192.168.1.10 అనే ఒకే అడ్రసు. ఓ శుభదినాన యజమానిగారికి నాలుగు ఊళ్ళనీ కలపాలనిపిస్తుంది. లైన్లు వచ్చేస్తాయి, రూటర్లలో పచ్చదీపాలు వెలుగుతాయి, స్వీట్లు పంచుతారు.

రాజమండ్రిలో కూర్చుని అమలాపురం సర్వర్‌ని పింగ్ చేస్తారు. జవాబు 0.3 మిల్లీసెకన్లలో! “ఏం స్పీడండీ!” అని అందరూ మురిసిపోతారు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లే పోతుంది. గోదావరి పాయలమీదుగా పక్షిలా ఎగిరినా అమలాపురానికి 50 కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి 0.5 మిల్లీసెకన్లు ఎలాగూ పట్టాలి. అంటే ఐన్‌స్టీన్ అయినా ఓడిపోయి ఉండాలి, లేదా ఆ జవాబు పక్కగదిలో ఉన్న సొంత సర్వర్‌ది అయినా అయి ఉండాలి.

రెండోదే నిజం. పంపే యంత్రం తన అడ్రసుకీ, చేరాల్సిన అడ్రసుకీ మాస్క్ వేసి చూస్తుంది. రెండిటి నెట్‌వర్క్ భాగమూ ఒకటే అయితే “మనవాళ్ళే” అనుకుని అక్కడికక్కడే కేకేస్తుంది. రూటర్ మొహం కూడా చూడదు. కొత్తగా వేసిన లైను నెలనెలా అద్దె కట్టించుకుంటూ హాయిగా నిద్రపోతుంది.

పోనీ ఇదేమైనా కొత్త శాస్త్రమా అంటే అదీ కాదు. పెద్ద నెట్‌వర్క్‌ని సబ్‌నెట్‌లుగా విడదీసే పద్ధతికి 1985 ఆగస్టులోనే ఆర్ఎఫ్‌సీ 950 అనే ప్రమాణం వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన 4.3 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఇక 1996 ఫిబ్రవరి నాటి ఆర్ఎఫ్‌సీ 1918, సంస్థల సొంత వాడకానికి అడ్రసులు ధారాదత్తం చేసింది. 10తో మొదలయ్యేవే 1,67,77,216. అవి కాక 172.16 నుంచి 172.31 దాకా ఒక దొంతర, 192.168 మరో దొంతర. రేపు రెండు సంస్థలు కలిస్తే గొడవ రాకుండా వీటిలోంచి ఏదో ఒక ముక్కని యాదృచ్ఛికంగా ఎంచుకోండని కూడా అందులోనే రాశారు. కోటిన్నరకి పైగా ఎదురుగా పెడితే మనవాళ్ళు ఆ మూల 256 కోసం ఎగబడ్డారు.

పదిలక్షల ఎకరాలకి నీళ్ళు పంచడం తెలిసిన గడ్డ ఇది! 1852లో పూర్తయిన కాటన్‌దొర ఆనకట్ట దగ్గర ముందు మూడు వాటాలు: ధవళేశ్వరంలో తూర్పు డెల్టాకి, బొబ్బర్లంకలో మధ్య డెల్టాకి, విజ్జేశ్వరంలో పశ్చిమ డెల్టాకి తలుపులు. ఆ తర్వాతే కాలవలు, తూములు, బోదెలు. ఏ శివారు చేనుకి ఏ కాలవ నీరో, నీళ్ళు వదిలే లస్కరు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ లస్కరు మనవడికి తన ఆఫీసు సర్వర్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో తెలియదు.

తప్పు బయటపడ్డాక వేసే మందు మరీ ముచ్చటైనది. అడ్రసులు మార్చరు, “నాట్ పెట్టేద్దామండి” అంటారు. బ్రాంచి అంతా ఒక్క అడ్రసు ముసుగు వేసుకుని హెడ్డాఫీసుకి వస్తుంది. ఆ తర్వాత సర్వర్‌లో, ఎవరెవరు లాగిన్ అయ్యారో చూపే ‘లాస్ట్’ కమాండు కొడితే భీమవరంలోని 30 మందీ ఒకే చోటినుంచి లాగిన్ అయినట్టు కనిపిస్తారు. అర్ధరాత్రి లెడ్జరు దిద్దిందెవరో ఆ భీమేశ్వరస్వామికే ఎరుక.

కొందరు మేధావులు మాత్రం ప్లాను వేస్తారు, జిల్లా లెక్కన. పడమటి గట్టుకి ఒక అంకె, తూర్పు గట్టుకి ఒకటి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పశ్చిమ గట్టు కొవ్వూరు ఉన్నచోటినుంచి అంగుళం కదలకుండా తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. డేటా ప్యాకెట్లకి లైన్లు ఏ దారిన వెళ్తాయో కావాలి గానీ కలెక్టరు ఎక్కడ కూర్చుంటారో ఎందుకు?

పని నిజానికి ఒక పూటది. రాజమండ్రికి 10.73.0.0/20, అమలాపురానికి 10.73.16.0/20, భీమవరానికి 10.73.32.0/20, కాకినాడకి 10.73.48.0/20. ఊరికి 4,096 అడ్రసులు. బయటివాళ్ళకి ఈ నాలుగూ కలిపి 10.73.0.0/18 అనే ఒక్క రూటు చెబితే సరి.

అందుచేత బ్రాంచీలు ఉన్న యజమానులకి ఒక విన్నపం. అడ్వాన్సు ఇచ్చేముందు ఊరివారీగా అడ్రసుల పట్టీ కాగితం మీద రాయించి అడగండి. ఏ రెండు ఊళ్ళ ఎదుటైనా ఒకే అంకెలు కనిపిస్తే, డబ్బు తీయకండి.