కత్తి వైపు గోడకి

మూరెడు పొడుగైనా లేని చెక్క, మధ్యలో ఏటవాలుగా బిగించిన స్టీలు కత్తి, వెనకాల మందం మార్చుకోడానికో మర. ఇంతే నా ఒళ్లు. ఈ ఇంట్లో నన్ను చిప్స్ బల్ల అంటారు.

1998లో నాంపల్లి నుమాయిష్‌లో నన్ను కొన్నారు. అక్కడ నన్ను పట్టుకున్న కుర్రాడు నోటితో మాటలు ఆపకుండానే ఆలుగడ్డని నా మీద ఆడిస్తుంటే, రేకులు కుప్పగా రాలేవి. ఒక రేకు ఎత్తి చూపిస్తే అవతలున్న వేలు కనబడేది. చుట్టూ మూగినవాళ్లలో మా నానమ్మ, అప్పటికింకా నానమ్మ కాలేదు లెండి, ముప్ఫై అంటే ఇరవైకి బేరమాడి సంచిలో వేసుకుంది. ఇంటికొచ్చి మొదటి గడ్డ పెట్టగానే బొటనవేలి చివర తెగింది. ఆ కుర్రాడి చెయ్యి కూడా ఇరవై రూపాయలకే వస్తుందా మరి!

కత్తిపీట నన్ను చూసి మూతి ముడిచింది. దానికి గోరుచిక్కుడైనా గుమ్మడికాయైనా ఒకటే. నాకొచ్చింది ఒక్క పనే: ప్రతి ముక్కా ఒకే మందాన కొయ్యడం. కానీ చిప్స్‌కి కావలసింది అదే. ఒక పక్క పలచన, ఒక పక్క మందం అయితే పలచనిది మాడేసరికి మందంది ఇంకా మెత్తగానే ఉంటుంది.

నానమ్మ నన్ను నీళ్ల గిన్నె మీదే అడ్డంగా పెట్టి కోసేది. రేకులు నేరుగా నీళ్లలోకి జారేవి. కాసేపటికి గిన్నె అడుగున ముగ్గుపిండిలా తెల్లగా పేరుకునేది, అది గడ్డలోంచి దిగిన పిండి. రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, పాత పంచె మీద పరిచి, తడి అద్ది, అప్పుడు మూకుట్లో వేసేది. ఉప్పూ కారం దించాకే. ఇదంతా ఆవిడ రంగు కోసం, కరకరల కోసం చేసింది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు: ఆలుగడ్డల్లాంటివి 120 డిగ్రీలు దాటిన వేడిలో వేగితే ఆక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందట. ముక్క ముదురుగా వేగేకొద్దీ అది ఎక్కువట. నానబెడితే ఆ నీళ్లతోపాటు పైపై చక్కెర కూడా కొంత పోయి, అది తక్కువగా పుడుతుంది. నానమ్మ నీళ్ల గిన్నెకి ఆ పేరు తెలీదు గానీ పని మాత్రం తెలుసు.

కోడలమ్మ వచ్చిన కొత్తలో ఆలుగడ్డలు ఫ్రిజ్‌లో సర్దింది. ఆ ఆదివారం చిప్స్ నిమిషంలో నల్లబడ్డాయి. మచ్చలేని గడ్డలు, కొత్త నూనె, అయినా ఇలా ఎందుకైందని ఇద్దరూ నా వంకే చూశారు. నేనేం చెయ్యను? చలికి గడ్డలోని పిండి చక్కెరగా మారుతుంది, చక్కెర ముందే మాడుతుంది. అప్పట్నుంచి ఆలుగడ్డలు మళ్లీ గంపలోకొచ్చాయి.

తరవాత తాతగారికి డాక్టరు నూనె తగ్గించమన్నారు. వేయించిన చిప్స్ బరువులో దాదాపు మూడోవంతు నూనే ఉంటుంది. మూకుడు అటకెక్కింది, ఓవెన్ దిగింది. ఇక చూడండి నా పాట్లు. సొరకాయ, టమాటా, కీరా, కనబడ్డ ప్రతిదీ నా మీద గీసింది కోడలమ్మ. సొరకాయ నిండా నీళ్లే కదా, ఓవెన్‌లోంచి అరిగిన చెప్పు తోలులా బయటికొచ్చింది. బీట్‌రూట్ అంచులు నల్లబడి, నడుమ తడిగా మిగిలింది. వేడి 130కి తగ్గించి, గంట పైన ఓపిక పట్టి, మధ్యలో తిరగేసినప్పుడు గానీ అది దారికి రాలేదు. కాకరకాయ ఒక్కటే మొదటిరోజే గెలిచింది. చక్రాలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, పావుగంటాగి పిండి, చెంచాడు నూనె పులిమి పెట్టారంతే. అరిటికాయైతే ఇంకా మర్యాదస్తురాలు, ఏం చేసినా ఒప్పుకుంటుంది.

కాకర చక్రాలు చూసి నానమ్మ నవ్వింది. "అమ్మాయ్, ఇవి వరుగులే కదే! నేను ఎండలో చేసేవి నువ్వు కరెంటుతో చేస్తున్నావ్."

"మీ ఎండకి రెండ్రోజులు పడుతుంది కదా అత్తయ్యా."

"రెండు గంటలు పెట్టి చూడు ముందు."

నిజంగానే ఏప్రిల్ ఎండలో డాబా మీద రెండు గంటలు పలచటి గుడ్డ కప్పి ఉంచి, తరవాత ఓవెన్‌లో పెడితే సగం సేపట్లో విరిగాయి. అత్తాకోడళ్లిద్దరూ ఒక మాట మీదకొచ్చింది ఈ ఇంట్లో ఆ వంటకం దగ్గరే.

ఇన్నేళ్లుగా చూస్తున్నా కాబట్టి నా మాట ఒకటి. బీట్‌రూట్ రంగు చూసో ఓవెన్ పేరు చెప్పో ఇవి మందులనుకోకండి. ఉప్పు ఎక్కువ చల్లితే ఎక్కడైనా ఎక్కువే. ఇంటి చిప్స్‌లో అసలు లాభం వేరే ఉంది. ఆలుగడ్డలో అయిదింట నాలుగు వంతులు నీళ్లు. పావుకిలో గీస్తే ఓవెన్‌లోంచి వచ్చేది అరవై గ్రాములు మించదు. నానబెట్టి, ఆరబెట్టి, తిరగేసి సాయంత్రమంతా కష్టపడితే మనిషికో గుప్పెడు. రెండో గుప్పెడు కావాలంటే మళ్లీ నన్ను దింపాలి. ఎవరు దింపుతారు?

ఇప్పుడు మనవడు నన్ను అందుకుంటున్నాడు. వేలికి అడ్డం పెట్టుకునే పిడి మొదటి ఏడే పోయింది, ఎవరూ కొనలేదు. అందుకే అడుగుతున్నా. గడ్డ అరంగుళానికి వచ్చాక ఆపేయండి, ఆ ముక్క కూరలో వేసుకోవచ్చు. కడిగాక తడి తుడిచి, నన్ను కత్తి వైపు గోడకి తిప్పి పెట్టండి.