ప్యాకెట్ వెనక లేబుల్ కథ

ప్యాకెట్‌ను వెనక్కి తిప్పితే ఎమ్మార్పీ పక్కన చీమల బారులా అక్షరాలు కనిపిస్తాయి. అవన్నీ కలిస్తే ఈ లేబుల్. దానికీ ఒక కథ ఉంది.

దాని కథ 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంతో మొదలవుతుంది. అప్పట్లో జనం భయమంతా పాలలో నీళ్లు, కారంలో ఇటుకపొడి గురించే. క్యాలరీలు, కొవ్వు, చక్కెర చెప్పే పట్టిక దాని ఒంటి మీదికి 2008 సవరణతో గానీ రాలేదు. 2011 నుంచి 2006 నాటి ఆహార భద్రత చట్టమే దానికి ఆధారం.

దానికి ఒక నియమం అంటే ప్రాణం. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ముందువైపు గోధుమ కంకుల బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, వెనక మొదటి పేరు మైదా అయితే పిల్లలు తినేది ఎక్కువగా మైదానే. అదనంగా కలిపిన చక్కెర ఎంతో కూడా ఈ లేబుల్ విడిగా చెప్పాలి. రోజుకు 50 గ్రాముల లెక్కన, ఒకసారి తినే దానితోనే అందులో ఎంత శాతం అయిపోతుందో చూపాలి.

2020 నిబంధనలతో మాంసాహారపు గోధుమరంగు చుక్క త్రికోణంగా మారింది. రంగులు పోల్చుకోలేనివాళ్లకు అదెంత మేలో!

ఈ లేబుల్‌ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం, విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. దానికి సరితూగేలా లవణాలు ఉంటాయి. చక్కెర మితిమీరితే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. 'ఇది ఆ ఓఆర్‌ఎస్ కాదు' అన్న గమనిక ఉంటే ఆ పేరు వాడుకోవచ్చని 2022లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతించింది. బిడ్డ నీరసించిపోతుంటే ఏ తల్లి ఆ గమనిక వెతుక్కుంటూ కూర్చుంటుంది? హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దయింది. పేరు పెద్దగానూ నిజం చిన్నగానూ రాయడం తప్పేనని ఆ రోజు తేలింది.

చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల ముందువైపే నల్లటి అష్టభుజి హెచ్చరికలు ఉంటున్నాయి. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకూ అవి కనిపిస్తాయి. మన దగ్గర ముందువైపు హెచ్చరికలపై నిపుణుల కమిటీ మూడు నెలల్లో సిఫారసులివ్వాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ముందువైపుకు రావాలన్న ఆశ ఈ లేబుల్‌కు బలంగా ఉంది. తెలుగులో మాట్లాడాలన్న ఆశ అంతకన్నా బలమైనది. వివరాలు ఇంగ్లిష్‌లో గానీ, దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలని నిబంధన. వాటితోపాటు తెలుగూ వేస్తామంటే ఏ కంపెనీకీ చట్టం అడ్డు చెప్పదు. మదనపల్లెలోనో మంచిర్యాలలోనో షుగరున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చదివేలా, పెద్ద అక్షరాల్లో ఆ నాలుగు ముక్కలు వేయమని అది ఇప్పుడే అడుగుతోంది.