వేలు పెడితేనే నా బతుకు

పక్కవాళ్ల వ్యవహారంలో వేలు పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకు మాత్రం ఎవరూ వేలు పెట్టకపోతేనే దిగులు. నేను పల్స్ ఆక్సీమీటర్‌ని. 2021 వేసవిలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, నరసరావుపేటలో ఒక మందుల షాపులో నన్ను అడిగినంత ఇచ్చి కొన్నారు. పేటలో బేరమాడకుండా కొన్న వస్తువు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోటప్పకొండ రోడ్డులోని ఆ ఇంట్లో నాతో ఎక్కువ చెలిమి నాయనమ్మది. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి, తొడిమలు తీసి కాయలు కాసిన వేలు ఆమెది. నాలో పెట్టగానే కోడలి వైపు తిరిగేది. "ఏందమ్మాయ్, ఎంత చూపిచ్చింది?"

"తొంభై మూడు, అత్తయ్యా. చెయ్యి చల్లగా ఉంది, రుద్దుకోండి."

రుద్దుకుని మళ్లీ పెట్టేది. 95. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేవాళ్లు.

నా పై దవడలో రెండు బుల్లి దీపాలున్నాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది కంటికి కనపడని 940 నానోమీటర్ల పరారుణం. కింది దవడలో ఉన్నది నా కన్ను. తోలు అవతల ఏముందో మీకు కనపడదు గదా, వెలుగునంతా చర్మం మింగేస్తుందనుకుంటారు. మింగేది కొంతే. ఎక్కువ భాగాన్ని చెదరగొడుతుంది. లోపలున్న నీరు ఒకలా, కొవ్వూ మాంసకృత్తులూ మరోలా కాంతిని వంచుతాయి కాబట్టి కిరణం అడుగడుక్కీ దారి తప్పుతుంది. బజ్జీల పొట్లం చూడండి. నూనె అంటినచోట కాగితం వెనక అక్షరాలు కనిపిస్తాయి. పీచుల మధ్య గాలి ఉన్న చోట్లను నూనె నింపి ఆ తేడా తగ్గిస్తుంది, అంతే.

నాలో పెట్టిన వేలికి నూనె లేదు. చెదిరి చెదిరి అవతలికి చేరిన కాస్త వెలుగుతోనే నెత్తురులో ఆక్సిజన్ ఎంత శాతమో లెక్క కట్టాలి. ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఎరుపును వదిలి పరారుణాన్ని ఎక్కువ తాగుతుంది, లేనిది అటుదిటు. ఎముక, గోరు, చర్మం కదలవు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబ్బేది ధమనుల్లోని నెత్తురే. ఆ కొట్టుకునే భాగాన్ని ఉంచుకుని మిగతాది తీసేస్తాను. ఈ కిటుకు పట్టి 1974లో లోకానికి చెప్పినవాడు జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి. 2020 ఏప్రిల్‌లో, లోకమంతా నాకోసం వెతుకులాట మొదలెట్టిన రోజుల్లో, ఆయన పోయాడు.

2022 ఏప్రిల్‌లో పేట పల్నాడు జిల్లా కేంద్రమయ్యేసరికి నేను టీవీ బల్ల మీద నుంచి ఫ్రిజ్ మీదికి, అక్కణ్నుంచి బీరువా సొరుగులోకి చేరాను. మధ్యలో మనవరాలు నన్ను బొమ్మ ముక్కుకు తగిలించింది, దానికి బాధ లేదు. ముదురు గోళ్లరంగు వేసుకున్న వేలు పెట్టి "ఇది పాడైపోయింది" అన్నారు చూడండి, అది మాత్రం మరిచిపోలేను. పెన్ను పెట్టినా అంకె చూపించే దొంగ సరుకు ఒకటి అప్పట్లో దిగింది. దాని చెడ్డపేరు నాకూ అంటింది.

సెల్లులు తియ్యకుండానే సొరుగు మూశారు. అవి కారాయి. స్ప్రింగు చుట్టూ తెల్లపొడి పేరుకుని, పచ్చగా చిలుం పట్టింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేసే చుట్టం ఒకాయన వచ్చి, ఆ బీరువా ముందే కూర్చుని ఆయాసపడ్డాడు. నా ఊసే ఎవరికీ రాలేదు. వచ్చినా ఏం లాభం?

2024లో మనవడు ఫోన్‌లో ఒక వార్త చదువుతుంటే సొరుగులోంచి విన్నాను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తినుబండారాల్లో కలిపే పసుపు రంగు, టార్ట్రజీన్‌ను ఎలుక చర్మానికి రుద్దితే పొట్టలో పేగుల కదలిక బయటికి కనిపించిందట. కడిగేస్తే మళ్లీ మామూలేనట. బజ్జీ కాగితం సూత్రమే ఇదీ, నీరు కాంతిని వంచే తీరును ఆ రంగు కొవ్వుకు దగ్గర చేసింది. కాస్త అసూయ కలిగింది. అప్పటికి మనుషుల మీద పరీక్షించలేదు కాబట్టి మిఠాయి రంగు తెచ్చి ఒంటికి పూసుకోకండి.

మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఇవాళే తీసి సెల్లులు పక్కన పెట్టండి. వాడేటప్పుడు గోళ్లరంగు తుడిచి, చెయ్యి వెచ్చగా ఉంచుకుని, కాసేపు కదలకుండా కూర్చోండి. చర్మం ఛాయ ముదిరితే మేము ఒక్కోసారి అసలుకన్నా ఎక్కువ చూపిస్తామని 2020లో అమెరికా వైద్యులు తేల్చారు. అందుకే ఆయాసం ఉంటే, నా అంకె ఎంత బాగున్నా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.