కొండారెడ్డి బురుజు మీద వాలిన అంతరిక్ష నౌక

అంతరిక్ష సాహస కథల్లో బాగా అరిగిపోయినది ఒకటుంది. ఇంజను మొరాయిస్తున్న నౌక ఒకటి దిక్కూ దరీ లేకుండా తిరుగుతుంటుంది. దాని అడుగు గదుల్లో బందీలు. ఎక్కడికో పోతూ పొరపాటున అందులో కాలుపెట్టిన ప్రయాణికుల కణతలకు నౌక మనుషులు తుపాకులు ఆనించి నిలబడతారు. నౌక పేలిపోయేలోగా బందీలు బయటపడాలి, ప్రయాణికుల్లో ఒకడు హీరోగా తేలాలి, తుపాకి పట్టినవాడికి ఆఖరిదాకా గురి కుదరకూడదు. హాలీవుడ్ వాళ్లు ఈ కథ కోసం కోట్లు పోసి రాకెట్లు కట్టుకున్నారు. తెలుగు నిర్మాతలకు అంత ఖర్చు అక్కర్లేదు. పది టాటా సుమోలు, ఒక లంకంత కొంప, ‘కర్నూలు’ అని రాసిన మైలురాయి ఒకటి చాలు. ఫ్యాక్షన్ సినిమా పేరుతో పాతికేళ్లుగా అదే కథ ఆడుతూనే ఉంది.

2018లో తెలుగు సినిమా నిజంగానే అంతరిక్షానికి వెళ్లింది. మాట వినని ఉపగ్రహాన్ని దారికి తెచ్చే వ్యోమగామిగా వరుణ్ తేజ్‌ను పెట్టి సంకల్ప్ రెడ్డి తీసిన ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’ డిసెంబరు 21న విడుదలైంది. దానికి పది వారాల ముందు, అక్టోబరు 11న, త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీర రాఘవ’ వచ్చింది. అందులో ప్రయాణం కొమ్మద్ది, నల్లగుడి అనే రెండు ఊళ్లకు. ఈ రెండు సినిమాల్లో ఏది భూమికి ఎక్కువ దూరం పోయిందని కర్నూలు బస్టాండులో ఎవరిని అడిగినా తడుముకోకుండా జవాబు చెప్తారు.

ఈ ఫ్యాక్షన్ కథంతా రాయలసీమ గడ్డలోంచే పుట్టిందని సినిమావాళ్లు మీసం మీద చెయ్యేసి చెప్తుంటారు. ఆ మాట సంగతి చూడాలంటే 2003 సంక్రాంతికి వచ్చిన గుణశేఖర్ ‘ఒక్కడు’ దగ్గరికి పోవాలి. హీరో హైదరాబాదు కుర్రాడు, కబడ్డీ ఆడటానికి కర్నూలు వస్తాడు. ప్రయాణికుడు దొరికాడు. ఊళ్లో ఓబుల్ రెడ్డి అనే ప్రకాశ్ రాజ్ ఒక అమ్మాయిని పెళ్లాడి తీరతానని ఆమె ఇంటి మీద పడి ఉంటాడు. బందీ కూడా దొరికింది. కొండారెడ్డి బురుజు దగ్గర హీరో చెయ్యి లేస్తుంది, సుమోలు బయల్దేరతాయి. బాగానే ఉంది. మరుసటి ఏడాది ఇదే కథ తమిళంలో ‘గిల్లి’ అయింది. కర్నూలు మధురైగా మారింది, అదే ప్రకాశ్ రాజ్ ముత్తుపాండిగా అక్కడ దిగాడు. 2015లో హిందీ ‘తేవర్’ నాటికి నౌక మథురలో వాలింది. సీమ గడ్డకే సొంతమన్న పౌరుషం ఏ ఇబ్బందీ లేకుండా యమునా తీరంలో నీళ్లు తాగింది.

‘మర్యాద రామన్న’ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2010లో రాజమౌళి తీసిన ఈ సినిమాలో సునీల్ రైలెక్కి సీమకు వస్తాడు, తనను నరకడానికి కాచుకున్న ఇంట్లోనే అతిథిగా చిక్కుకుంటాడు. గడప దాటనంతవరకే ప్రాణం. సీమ అతిథి మర్యాద అంటే ఇదీ అని మురిసిపోయినవాళ్లున్నారు. అయితే ఈ గడప నియమం మొదట అమెరికాలో, 1923లో, బస్టర్ కీటన్ తీసిన మూకీ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’లో ఉంది. రైలు ప్రయాణం కూడా అందులోదే. దాని వెనకున్నది కెంటకీ, వెస్ట్ వర్జీనియా సరిహద్దులో హాట్‌ఫీల్డ్, మెక్‌కాయ్ అనే రెండు కుటుంబాల మధ్య 19వ శతాబ్దంలో నడిచిన పగ. అంటే కెంటకీ కొండల్లో తుపాకులు పేలితే ఆ పొగ సీమ పల్లెల మీద కమ్ముకుంది. తర్వాత అదే ఇల్లు ‘సన్ ఆఫ్ సర్దార్’ పేరుతో పంజాబుకూ వెళ్లొచ్చింది.

నౌక అన్నాక సాంకేతిక విషయాలు కొన్ని మాట్లాడుకోవాలి. టాటా సుమో 1994లో మార్కెట్లోకి వచ్చిన గట్టి బండి. పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిరుమల దర్శనానికీ సీమ జనాన్ని మోసింది. గాల్లోకి లేవగలదని మాత్రం దాన్ని తయారు చేసినవాళ్లకే తెలియదు. తెలుగు దర్శకులు కనిపెట్టారు. హీరో తొడ కొడితే చాలు, ఇంధనం లేకుండా ఇరవై అడుగులు లేచి, బోర్లాపడి, భూమ్యాకర్షణ మీద తనకున్న అభిప్రాయం చెప్పి పేలిపోతుంది. 2019లో కంపెనీ సుమోల తయారీ ఆపేసింది. సినిమాలో మాత్రం ఉత్పత్తి ఆగలేదు. 2023 సంక్రాంతికి ‘వీర సింహా రెడ్డి’ వచ్చింది, ఆ తర్వాత కూడా ఇంజను దగ్గుతూనే నౌక తిరుగుతోంది.

తుపాకుల మాటా చూద్దాం. అసలు అంతరిక్ష నౌకల్లో తుపాకి ఉండేదా అంటే, ఉండేది. 1965లో వోస్ఖోద్ 2లో వెళ్లిన బెల్యాయెవ్, లియోనోవ్ తిరుగు దారిలో గురి తప్పి పెర్మ్ ప్రాంతపు మంచు అడవిలో దిగారు. చుట్టూ తోడేళ్ల, ఎలుగుబంట్ల భయం. ఆ అనుభవంతో తర్వాతి కాలంలో సోయుజ్ నౌకల్లో మూడు గొట్టాల తుపాకి ఒకటి పెట్టారు. దిగాక జంతువుల నుంచి కాపాడుకోవడానికే, తోటి ప్రయాణికుల కణతకు ఆనించడానికి కాదు. రష్యా వాళ్లకు ఈ కథ రాసేవాళ్లు దొరకలేదు పాపం.

ఫ్యాక్షన్ అబద్ధమని ఎవరూ అనరు. నాటు బాంబులు నిజం, వేటకొడవళ్లు నిజం, తలుపులు లోపల గడియపెట్టుకుని మగవాళ్లు ఎక్కడికి పోయారో చెప్పలేక పోలీసుల ముందు నిలబడిన ఆడవాళ్లు నిజం. ఆ హత్యల వెనక ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి సారా వ్యాపారం దాకా ఏమేమి ఉన్నాయో హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ లాంటివాళ్లు ఓపిగ్గా రాశారు. సినిమాకు ఆ కాంట్రాక్టు కాగితాలు కనపడవు. 1999 సంక్రాంతికి ‘సమరసింహా రెడ్డి’ డబ్బులు కురిపించాక, 2001లో ‘నరసింహ నాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వరుసకట్టాక, హత్యకు కారణం అడగడం బోరుగా తయారైంది. తాత పగ, తండ్రి పగ, మధ్యలో పాట.

ఆ సినిమాల్లో ఒక్కటి మాత్రం అచ్చం సీమది. అది జయప్రకాశ్ రెడ్డి నోరు. పాత కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన ఈ ఉపాధ్యాయుడు ‘ప్రేమించుకుందాం రా’లో మాట్లాడినప్పుడు రాష్ట్రమంతా తల తిప్పి చూసింది. దాని ఫలితం ఇంకోటి. ఆ యాస విలన్ యూనిఫారమైపోయింది. హాస్టళ్లలో, ఆఫీసుల్లో సీమ పిల్లలు నోరు విప్పగానే ‘బాంబులు తెచ్చావా’ అని నవ్వే తోటివాళ్లు పుట్టుకొచ్చారు. అదే నౌకలో హీరో సీమ బిడ్డే అయినా ఎక్కువసార్లు కృష్ణా గట్టు మీద పెరిగినట్టే మాట్లాడాడు.

బందీలు తక్కువ తిన్నారా అంటే, లేదు. ప్రొద్దుటూరులో, నంద్యాలలో, ఆదోనిలో తమ ఊళ్లు తెర మీద కాలిపోతుంటే ఈలలు వేసి కాగితాలు ఎగరేసిన జనం తక్కువేం కాదు. సీడెడ్ అని పిలిచే సీమ పంపిణీ హక్కులు మంచి ధర పలికేవి. తన కణతకు ఆనించిన తుపాకికి టికెట్టు కొనుక్కున్న ప్రయాణికుడు ప్రపంచంలో ఇంకెక్కడా కనపడడు.

చిత్రమేమిటంటే, మునిగిపోయే నౌకలూ బందీలూ కావాలంటే ఈ జిల్లాల్లో నిజమైనవే ఉన్నాయి. సుంకేసుల నుంచి కడప దాకా 19వ శతాబ్దంలో కాలువ తవ్వారు. అదే కర్నూలు–కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. ఆర్థర్ కాటన్ ఉత్సాహపడ్డాడు, లండన్ వాటాదారులకు ప్రభుత్వం వడ్డీ హామీ ఇచ్చింది, కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చతికిలబడింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. వాటాదారులు గట్టెక్కారు. రైతు గట్టు మీదే ఉండిపోయాడు. ఇంత మంచి విలన్లు ఉండగా ఏ రచయితా అటు చూడలేదు, వాటాదారులకు మీసాలు తిప్పడం రాదు కాబట్టి కావచ్చు.

ఇక బందీలు. పాత కడప జిల్లా రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికీ మగవాళ్లు డ్రైవర్లుగానూ కువైట్ వెళ్లడం ఎన్నో ఏళ్లుగా ఉంది. ముప్పై నిండని స్త్రీ ఇంటిపనికి పోకూడదని భారత ప్రభుత్వ నిబంధన. అది తెలిసిన ఏజెంటుకు దొంగదారీ తెలుసు. దిగగానే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి వెళ్తుంది. జీతం ఆగినా, కొట్టినా, పని వదిలి పారిపోతే నేరస్థురాలు ఆమే. 2018 జనవరి చివర కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే, అనుమతి గడువు దాటి ఇరుక్కున్న భారతీయులు వేలమంది జరిమానా లేకుండా ఇంటిదారి పట్టారు. వాళ్లలో సీమ వాళ్లూ ఉన్నారు. ప్రయాణికులు, బందీలు, కాపలా, గడువు ముంచుకొస్తున్న తప్పించుకోవడం అన్నీ ఉన్న కథ ఇది. తుపాకి ఒక్కటే లేదు. అందుకే ఆ ఏడాది సినిమాకు పనికిరాలేదు.

కెమెరాలు సీమకు రావని కాదు. ఓర్వకల్లు రాళ్ల దగ్గర 2013 జులై 6న ‘బాహుబలి’ చిత్రీకరణ మొదలైంది, మాహిష్మతి అనే లేని రాజ్యం కోసం. ఆ ఓర్వకల్లులోనే పొదుపు సంఘాల ఆడవాళ్లు రూపాయి రూపాయి కూడేసి మండల సమాఖ్యను నిలబెట్టారు. దేశంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి నేర్చుకుని పోయారు. రాళ్లు తెరకెక్కాయి, వాళ్లు ఎక్కలేదు.

2021లో మాత్రం ఒక సినిమా దారి తప్పి నిజం వైపు వచ్చింది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ను క్రిష్ తెరకెక్కించాడు. కరువొస్తే గొర్రెల మందలను తోలుకుని మేతకూ నీళ్లకూ నల్లమల ఎక్కే కాపరుల కథ. అడవి సన్నివేశాలు వికారాబాద్‌లో తీశారు, కరోనా రోజులు కాబట్టి హైదరాబాదుకు దగ్గరగా అని సరిపెట్టుకోవచ్చు. అందులో సీమ ఉంది, కరువు ఉంది, పులి ఉంది, ఫ్యాక్షన్ లేదు. వసూళ్లూ పెద్దగా లేవు.