రాయచూరు వడ్లకు వీసా ఉందా?

పొరుగు దేశాల మధ్య గోడలు కూలాలి, సుంకాలు పోవాలి, సరుకు ఆగకుండా సాగాలి అని మన పెద్దలు చెబుతుంటే వినసొంపుగా ఉంటుంది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి 2004లో సంతకాలయ్యాయి, 2006లో అమలు మొదలైంది. అయినా ఈ దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం ఇప్పటికీ వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే కునుకుతోంది. దీని మీద ఢిల్లీలో సదస్సులు పెట్టి వాపోతుంటారు. వచ్చే సదస్సు గద్వాల నుంచి రాయచూరు పోయే రోడ్డు మీద, తెలంగాణ, కర్ణాటకల ఎల్ల మీది నందిన్నె చెక్‌పోస్టు దగ్గర పెట్టమని మనవి. వరికోతల కాలమైతే మరీ మంచిది. టెంటు, కుర్చీలు మావాళ్లే వేస్తారు.

2024 వానాకాలం పంటకు తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. ఏ-గ్రేడు మద్దతు ధర 2,320 మీద ఇది అదనం. ఎల్ల దాటితే ఆ 500 లేదు. నీళ్లు పల్లమెరుగును, వడ్లు ధరనెరుగును. కర్ణాటక లారీలు ఇటు తిరిగాయి, మనవాళ్లు బారికేడ్లు పెట్టారు. ఏ ఊరి వడ్లు? పాసుపుస్తకమేది? వడ్లగింజ నోరు విప్పదు, విప్పినా కన్నడమో తెలుగో తేల్చడం కష్టం. ఎందుకంటే 1956 అక్టోబరు దాకా గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. నిన్నటి జిల్లా కేంద్రం నుంచి వచ్చే బస్తా నేడు దొంగసరుకు!

తమాషా ఏమంటే, అవే రాయచూరు వడ్లు మిల్లులో పొట్టు వదిలించుకుని సోనా మసూరి సంచిలో వస్తే హైదరాబాద్ దాకా రాచమర్యాద. పొట్టుతో వస్తే నేరం, పొట్టు లేకుంటే బ్రాండ్. మన పత్తి, మన వేరుశనగ రాయచూరు మార్కెట్‌కు పోయినప్పుడు మాత్రం మనకు రాజ్యాంగం 301వ అధికరణం ఠక్కున గుర్తొస్తుంది: దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలి!

తుంగభద్ర వైపు వడ్లకే కాదు, మనుషులకూ ఇదే మర్యాద. 2021 మేలో పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్ర నుంచి కరోనా రోగులను తెచ్చే అంబులెన్సులను ఆపారు. హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది.

ఇక అసలైన స్వేచ్ఛా వాణిజ్యం ఎవరికంటే, సముద్రాలు దాటి వచ్చేవాళ్లకి. 2025 ఆగస్టులో ఢిల్లీ విదేశీ పత్తి మీద 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది, ఆ మినహాయింపును డిసెంబరు దాకా పొడిగించింది. సరిగ్గా నాగర్‌కర్నూల్ చేలల్లో పత్తి ఏరే కాలం. ఆ పత్తిని పాసుపుస్తకం ఎవరూ అడగలేదు.

బోనస్ తెలంగాణ ఖజానా సొమ్మే, కాదనను. దళారులు అవతల తక్కువకు కొని ఇక్కడి రైతు పేరుమీద అమ్ముకుంటే ఊరుకోవాలనీ అనను. కానీ ఆ దొంగతనం జరిగేది రోడ్డు మీద కాదు, కాగితం మీద. వేయని పంటను వేసినట్టు రాసిన చేయి లేకుండా అవతలి వడ్లకు ఇవతలి బోనస్ రాదు. వనపర్తిలో వరి ఎన్ని ఎకరాలో, ఎవరి పేరున ఉందో వ్యవసాయ విస్తరణాధికారి నమోదులో ఉండనే ఉంటుంది. అయ్యా, ముందు ఆ పంటల నమోదు సరిచేయండి. రోడ్డు మీది పోలీసులను ఠాణాలకు పంపండి.