కారెక్కే సైకిలు

ఆదివారం తెల్లారకముందే గచ్చిబౌలి అపార్టుమెంటు లిఫ్టులోంచి ముందు సైకిలు దిగుతుంది, వెనక గేర్ల సారు దిగుతాడు. ఇక ఎక్కి తొక్కుతాడనుకునేరు! ముందు సైకిల్ని కారెక్కిస్తాడు. దానికోసం కారు వెనక ఒక స్టాండు, స్టాండుకి బెల్టులు, బెల్టులకి తాళం. అలా ఊరేగించి తీసుకెళ్లి ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న ట్రాకు దగ్గర దించుతాడు.

"ఇంటి నుంచే తొక్కుకుంటూ రావచ్చుగా?" అంటే, "ఈ ట్రాఫిక్‌లోనా? పెళ్లాం బిడ్డలున్నవాణ్ణండీ" అంటాడు. పాపం, అందులో అబద్ధమేమీ లేదు. ఫ్రీ లెఫ్టు తిరిగే బస్సు కంటికి సైకిలు ఆనదు.

ట్రాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది. 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల కప్పు. నీడకి నీడ, కరెంటుకి కరెంటు. కాకపోతే దాని మీద ఎంత తొక్కినా కూరగాయల మార్కెట్టు రాదు.

సారు సైకిలుకి రెండు ధరలు: ఇంట్లో చెప్పింది ఒకటి, షాపువాడికి కట్టింది ఒకటి. కార్బన్ ఫ్రేము. ఒంటి చేత్తో ఎత్తి చూపిస్తాడు. అంత పోసినా స్టాండు రాలేదు, క్యారియరు రాలేదు, మడ్‌గార్డు రాలేదు, ఆఖరికి గంట కూడా రాలేదు. బరువు పెరుగుతుందట. అలా మిగిల్చిన బరువంతా గండిపేట దారిలో నెయ్యి ఇడ్లీ దగ్గర సారు నడుముకి జమవుతుంది.

తొక్కడం ఒక ఎత్తు, తొక్కినట్టు ఫోను ఒప్పుకోవడం ఒక ఎత్తు. స్ట్రావా యాప్‌లో కిలోమీటర్ల లెక్క 49.6 దగ్గర ఆగిందంటే సారుకి ఇడ్లీ దిగదు. పార్కింగులో కారు చుట్టూ ప్రదక్షిణలు చేసి యాభై పూర్తిచేశాకే హెల్మెట్టు తీస్తాడు.

ఒకనాడు నార్సింగి దాటాక టైరు మెత్తబడింది. గాలి ఎక్కించడానికి వాల్వుకి తగిలించే ఇత్తడి ముక్క కారులో ఉండిపోయింది. పంక్చర్ షాపాయన సన్నటి వాల్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ మూతికి మన పంపు పట్టదు సార్. స్టాండేది?"

"దీనికి ఉండదన్నా."

"గంట?"

"అదీ ఉండదు."

"ఎంత పడ్డది?"

సారు ఇంట్లో చెప్పిన ధరే చెప్పాడు.

"గంత పెడితే బుల్లెట్టు బండే వస్తుండె గద సార్!"

సోమవారం ఆఫీసుకి మాత్రం కారే. ఉన్నది నాలుగు కిలోమీటర్లే కానీ చెమట పడుతుంది, ఆఫీసులో స్నానాల గది లేదు, వీధి కుక్కలకి పిక్కలంటే ప్రాణం. కారులో ఆ నాలుగు కిలోమీటర్లూ ముప్పావుగంట పాకుతూ, పొగ గురించీ పర్యావరణం గురించీ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు పెడుతుంటాడు.

సాయంత్రం ఇంటావిడ కొత్తిమీర కట్ట తెమ్మంటుంది. కట్ట పెట్టడానికి సైకిలుకి చోటేదీ? పైగా దాన్ని కొట్టు ముందు వదిలి లోపలికెళ్తే తిరిగొచ్చేసరికి ఉంటుందా? సారు కిందికి ఫోన్ చేస్తాడు. వాచ్‌మన్ తన పాత అట్లాస్ తీసి, హ్యాండిల్‌కి సంచీ తగిలించి, గంట కొట్టుకుంటూ వెళ్లి, పది నిమిషాల్లో కొత్తిమీరా పెరుగు ప్యాకెట్టూ తెచ్చిస్తాడు.

"హెల్మెట్ లేకుండా రోడ్డెక్కుతావేంటయ్యా? నీకసలు సైక్లింగ్ గురించి ఏమైనా తెలుసా?" అని సారు మందలిస్తాడు.